టాయిలెట్ రాయి, మూతపడ్డ బ్యాంకు

అందరికీ నమస్కారం. ముందు వరుస లైట్లు కాస్త తగ్గించండి, స్లయిడ్ సరిగ్గా కనబడాలి.

ఇదొక పాలరాతి పలక. దీని మీద ఇంగ్లీషులో చెక్కిన మాటకు అర్థం, 'కళ మీద మా నమ్మకం'. అమెరికా డాలరు నోటు మీద 'దేవుడి మీద మా నమ్మకం' అని ఉంటుంది కదా, దాంట్లో దేవుణ్ణి తీసేసి కళను పెట్టాడు, థియాస్టర్ గేట్స్ అనే అమెరికన్ కళాకారుడు. 2013లో స్విట్జర్లాండ్‌లోని ఆర్ట్ బాసెల్ ఫెయిర్‌లో ఇలాంటి 100 పలకల్ని ఒక్కోటి 5,000 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. వాటికి 'బ్యాంక్ బాండ్లు' అని పేరు. ఈ రాయి ఎక్కడిదనుకుంటున్నారు? చికాగో సౌత్ సైడ్‌లో ఎప్పుడో మూతపడిన ఒక బ్యాంకు టాయిలెట్‌లోది. పాతకాలం బిల్డింగుల్లో యూరినల్స్ మధ్య అడ్డంగా పాలరాతి పలకలు నిలబెట్టేవాళ్ళు. అవే ఇవి.

నవ్వండి, ఫర్వాలేదు. నవ్వొచ్చేలాగే చేశాడు. కొనేవాళ్ళ దగ్గర ఆ సంగతి దాచనూ లేదు. కానీ ఆ డబ్బు ఎక్కడికి వెళ్ళిందో చూస్తే నవ్వు కాస్త ఆగుతుంది. ఆ రాయి ఏ బ్యాంకు నుంచి వచ్చిందో, ఆ బ్యాంకు రిపేరుకే వెళ్ళింది.

ఈ గేట్స్ ఎవరో చెప్తాను. 1973లో చికాగోలో పుట్టాడు. ఎనిమిది మంది అక్కల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క తమ్ముడు. తండ్రి ఇళ్ళ పైకప్పులకు తారు పోసే పని చేసేవాడు. కొడుకు కాలేజీలో రెండు చదువులు కలిపి చదివాడు, నగర ప్రణాళిక, కుండల పని. మన దగ్గర ఈ రెండూ ఒకే మనిషి చదువుతానంటే ఇంట్లో గొడవైపోతుంది. తర్వాత దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ యూనివర్సిటీలో కళ, మతాల అధ్యయనం. జపాన్‌లో టొకొనామె అనే ఊళ్ళో కుండలు చేయడం నేర్చుకున్నాడు. అక్కడ వందల ఏళ్ళుగా అదే పని. తిరిగొచ్చాక చికాగో సిటీ బస్సులు, రైళ్ళు నడిపే సంస్థలో ఉద్యోగం, ఆ తర్వాత చికాగో యూనివర్సిటీలో.

ఇక్కడ శిల్పం విద్యార్థులున్నారు కాబట్టి అతని కుండల కథ ఒకటి చెప్పాలి. 2007లో ఒక ఆర్ట్ సెంటర్‌లో గేట్స్ ఒక ప్రదర్శన పెట్టాడు. షోజీ యమగుచి అనే జపాన్ కుమ్మరి, హిరోషిమా నుంచి పారిపోయి అమెరికాలో మిసిసిపికి చేరి, పౌరహక్కుల కోసం పోరాడే ఒక నల్లజాతి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, నల్లవాళ్ళ వంటలకు తగ్గట్టు పళ్ళేలు చేశాడు, ఆ పళ్ళేలే ఇవి అని చెప్పాడు. విందులు కూడా పెట్టాడు. వచ్చినవాళ్ళు నమ్మారు. నిజానికి యమగుచి అనే మనిషే లేడు, పళ్ళేలన్నీ గేట్స్ చేసినవే. మట్టి అదే, చెయ్యి అదే. చుట్టూ ఒక కథ, ఒక స్థలం, ఒక భోజనం చేరేసరికి జనం చూసే చూపు మారిపోయింది. అతను తర్వాత చేసిన పనులన్నిటికీ విత్తనం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వస్తువుకు విలువ ఎక్కణ్ణుంచి వస్తుందో అతనికి ఆ గదిలో తెలిసింది. మట్టితో ఆడిన ఆటనే తర్వాత ఇళ్ళతో ఆడాడు.

తర్వాతి స్లయిడ్ వేయండి.

ఇది సౌత్ డార్చెస్టర్ అవెన్యూ. పేట పేరు గ్రేటర్ గ్రాండ్ క్రాసింగ్. 2006లో గేట్స్ ఇక్కడ ఒక ఇల్లు కొనుక్కున్నాడు. అంతకుముందు అదొక మిఠాయి కొట్టు. చుట్టూ తలుపులకు చెక్కలు కొట్టేసిన ఇళ్ళు, గడ్డి పెరిగిపోయిన ఖాళీ స్థలాలు. రెండేళ్ళకే అమెరికాలో ఇళ్ళ మార్కెట్ కుప్పకూలింది. అప్పుడు పక్కిల్లు కూడా చాలా చవగ్గా కొన్నాడు.

పేట అలా ఎందుకు పాడుబడిందో కొంచెం ఆగి చూడాలి. ఎందుకంటే ఫొటోలో చూస్తే మనకు అలవాటైన మాట ఒకటి వచ్చేస్తుంది, 'ఆ జనాలే అంత' అని. సంగతి అది కాదు. 1916 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్ళు దక్షిణాది రాష్ట్రాల్లోంచి ఉత్తరాది నగరాలకు తరలివెళ్ళారు. 1930లలో ఫెడరల్ ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాలకు మ్యాపులు గీయించి, ఏ పేటలో అప్పిస్తే ప్రమాదమో రంగులతో గుర్తు పెట్టింది. నల్లవాళ్ళుండే పేటలకు ఎర్ర రంగు. 'రెడ్‌లైనింగ్' అనే మాట అక్కణ్ణుంచే. ఎర్ర రంగు పడ్డ చోట మామూలుగా ఇంటి లోను పుట్టేది కాదు. దాంతో చికాగోలో వేలమంది వాయిదాల కాంట్రాక్టు మీద ఇళ్ళు కొన్నారు. నెలనెలా డబ్బు కడుతూనే ఉండాలి, కాగితాలు మాత్రం అమ్మినవాడి పేరునే ఉంటాయి. ఒక్క వాయిదా తప్పితే ఇల్లూ పోతుంది, అప్పటిదాకా కట్టిందీ పోతుంది. అలాంటి చోట ఇల్లు రిపేరు చేయించుకోవడానికి డబ్బెక్కడిది? తెల్లవాళ్ళు శివారు ఊళ్ళకు వెళ్ళిపోయారు, వాళ్ళ వెనకే కొట్లూ బ్యాంకులూ వెళ్ళిపోయాయి. పేట దానంతటది పాడవలేదు. డబ్బు అటు రాకుండా ఎవరో కూర్చుని నిర్ణయించారు.

ఈ మాట గుర్తుపెట్టుకుంటేనే గేట్స్ పని అర్థమవుతుంది. అతను పాడుబడ్డ గోడకు రంగులేసి వెళ్ళిపోలేదు. డబ్బును అటు మళ్ళించాడు. అతని ఇన్‌స్టలేషన్లలో, అంటే ఒక స్థలాన్నంతా కళగా మార్చే పనుల్లో, అసలు ముడిసరుకు డబ్బే అని నేనంటాను. కలప, తారు, పాలరాయి ఆ డబ్బును మోసుకొచ్చే బండ్లు.

పక్కిల్లు కొన్నాడు కదా, దాంట్లో ఏం పెట్టాడు? నగరం పారేస్తున్నవి పెట్టాడు. ప్రెయిరీ అవెన్యూ బుక్‌షాప్ అని చికాగోలో వాస్తుశిల్పం పుస్తకాలకు పేరున్న కొట్టు మూతపడితే, దాంట్లోంచి 14,000 పుస్తకాలు. యూనివర్సిటీ కళాచరిత్ర విభాగం డిజిటల్‌కు మారి వదిలించుకున్న గాజు స్లయిడ్లు 60,000. డాక్టర్ వ్యాక్స్ అనే రికార్డుల షాపు మూసేస్తే 8,000 ఎల్‌పీ రికార్డులు. ఒక ఇల్లు ఆర్కైవ్ హౌస్ అయింది, ఇంకొకటి లిజనింగ్ హౌస్. పేట పిల్లలు వచ్చి రికార్డులు వినొచ్చు, ఊరి అవతలి ప్రొఫెసర్లు ఇదే వీధికి వచ్చి స్లయిడ్లు చూడాలి, అదీ అప్పటి ఏర్పాటు. ఇల్లు అంతకుముందు ఎలా ఉండేదో మార్చి మెరిపించలేదు. చుట్టుపక్కల కూల్చిన కట్టడాల కలపతోనే గోడలూ బల్లలూ చేశారు.

మన ఊళ్ళలో పాత కలప కొట్లు ఉంటాయి. మండువా ఇళ్ళు కూల్చినప్పుడు స్తంభాలు, ద్వారబంధాలు, దూలాలు కొనుక్కొచ్చి అమ్ముతారు, వాటిని రిసార్టుల వాళ్ళు కొనుక్కుపోతారు. గేట్స్ చేసేది చూస్తే మొదట అదే వ్యాపారం అనిపిస్తుంది. తేడా ఒకటే. మన దూలం రిసార్టుకు పోతుంది, ఊరికి తిరిగి ఏమీ రాదు.

అతని దగ్గర తిరిగొస్తుంది. ఈ స్లయిడ్ జర్మనీలోని కాసెల్ నగరంలోది. అయిదేళ్ళకోసారి అక్కడ డాక్యుమెంటా అనే ప్రదర్శన 100 రోజులు జరుగుతుంది. 2012లో గేట్స్‌కు ఇచ్చిన స్థలం హ్యూగెనాట్ హౌస్. మత హింస తట్టుకోలేక ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ పేరు మీద ఉన్న ఇల్లు. 1826లో కట్టింది, 1970ల నుంచి ఖాళీగా పడి ఉంది. గేట్స్ చికాగోలో డార్చెస్టర్ వీధిలోనే ఇంకొక ఇంటి లోపలి భాగాలు, చెక్క, తలుపులు విప్పించి ఓడలో జర్మనీ పంపించాడు. చికాగో నుంచి పనివాళ్ళు వెళ్ళారు, జర్మన్ పనివాళ్ళతో కలిసి, ఆ చెక్కతో ఈ ఇంటిని నిలబెట్టారు. ప్రదర్శన జరిగినన్ని రోజులూ వాళ్ళు ఆ ఇంట్లోనే ఉండి, వండుకు తిని, పాడారు. గేట్స్‌కు 'బ్లాక్ మంక్స్' అనే పాటల బృందం ఉంది, తను కూడా పాడతాడు. చికాగోలో పాడుబడ్డ ఇల్లు జర్మనీలో పాడుబడ్డ ఇంటిని బతికించింది. అక్కడ వచ్చిన పేరు, గ్యాలరీల్లో ఆ చెక్కకు పెరిగిన ధర, మళ్ళీ చికాగో వీధి చేరాయి.

తారు సంగతి చెప్పలేదు. తండ్రి రిటైరయ్యాక తారు కాచే యంత్రాన్ని కొడుక్కి ఇచ్చాడు. తండ్రీ కొడుకులు కలిసి చిత్రాలు చేశారు. బ్రష్షుతో కాదు, కప్పు వేసినట్టే, వేడి తారు, తారు కాగితం, కాల్చడం. లండన్‌లో వైట్ క్యూబ్ లాంటి పెద్ద గ్యాలరీలో అవి వేలాడాయి. మీరు దగ్గరికెళ్ళి చూస్తే అది మంచి పనివాడు వేసిన కప్పు, నీళ్ళు కారవు. నాకు గేట్స్ పనుల్లో బాగా ఇష్టమైనవి ఇవే, నిజం చెప్పాలంటే. బిల్డింగుల కంటే కూడా.

సరే, బ్యాంకు దగ్గరికి వద్దాం.

స్టోనీ ఐలాండ్ స్టేట్ సేవింగ్స్ బ్యాంక్. 1923లో కట్టారు. ముందు పెద్ద పెద్ద స్తంభాలు, గుడికి ఉన్నట్టు. 1980ల నుంచి ఖాళీ. కప్పు కారి, నేలమాళిగలో నీళ్ళు నిలిచి, కూల్చేయాల్సిన కట్టడాల జాబితాకు చేరింది. మేయర్ రామ్ ఇమాన్యుయేల్ హయాంలో సిటీ దీన్ని గేట్స్‌కు 1 డాలరుకు అమ్మింది. పత్రికలన్నీ 'ఒక డాలరుకు బ్యాంకు' అని హెడ్డింగులు పెట్టాయి. మీరు ఆ హెడ్డింగు చూసి మోసపోకండి. రిపేరుకు కావాల్సిన 37 లక్షల డాలర్లు అతనే తెచ్చుకోవాలన్నది షరతు. సిటీకి కూల్చే ఖర్చు మిగిలింది, బాధ్యత పోయింది. ఇప్పుడు మొదటి స్లయిడ్‌లోని రాయికి అర్థం పూర్తిగా తెలుస్తుంది. ఆ పేటకు బ్యాంకులు అప్పు ఇచ్చేవి కావు. కాబట్టి బ్యాంకునే విప్పి, దాని టాయిలెట్ రాయిని బాండుగా ముద్రించి, స్విట్జర్లాండ్‌లో ధనవంతులకు అమ్మి, ఆ డబ్బును బ్యాంకు రిపేరులో పెట్టాడు. ఇంతకంటే పదునైన వెక్కిరింత సమకాలీన కళలో నేను చూడలేదు. వెక్కిరింతగా మొదలై కప్పు మీద షీటుగా ముగిసింది, అది ఇంకా గొప్ప.

2015 అక్టోబరులో 'స్టోనీ ఐలాండ్ ఆర్ట్స్ బ్యాంక్' పేరుతో తెరిచారు. లోపల ఫొటో చూడండి. గోడల మీద రాలిపోయిన సున్నం చాలాచోట్ల అలాగే ఉంచేశారు. పాడుబడిన సంవత్సరాలను చెరిపేయలేదు. ఇటు పక్క ఎత్తయిన పుస్తకాల అరలు. నల్లవాళ్ళ జీవితాన్ని దశాబ్దాల పాటు నమోదు చేసిన ఎబొనీ, జెట్ పత్రికలు నడిపిన జాన్సన్ పబ్లిషింగ్ కంపెనీ లైబ్రరీ ఇక్కడికి వచ్చింది. 1955లో మిసిసిపిలో తెల్లవాళ్ళు చంపేసిన 14 ఏళ్ళ ఎమ్మెట్ టిల్ మృతదేహం ఫొటోలు వేసింది ఆ జెట్ పత్రికే. హౌస్ మ్యూజిక్ అనే సంగీతానికి ఆద్యుల్లో ఒకడు ఫ్రాంకీ నకుల్స్, 2014లో పోయాడు, అతని రికార్డులు ఇక్కడున్నాయి. ఇంకొక సేకరణ ఉంది, చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. నల్లవాళ్ళను వెక్కిరిస్తూ చేసిన బొమ్మలు, ఉప్పు డబ్బాలు, పోస్టుకార్డులు, ప్రకటనలు, సుమారు 4,000. ఎడ్వర్డ్ విలియమ్స్ అనే నల్లజాతి బ్యాంకరు వాటిని బజారులో తిరగనివ్వకూడదని కొనుక్కుంటూ పోయాడు. ఎక్కడ పెట్టాలి వాటిని? కాల్చేస్తే సాక్ష్యం పోతుంది, మ్యూజియంలో పెడితే ముచ్చటైపోతుంది. నల్లవాళ్ళ పేటలో, వాళ్ళ చేతుల్లో ఉండటం నాకు సబబుగా అనిపిస్తుంది.

బ్యాంకు పక్క స్థలంలో ఒక చెక్క మండపం కూడా కొంతకాలం నిలబెట్టారు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్ నగరంలోని ఒక పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న 12 ఏళ్ళ నల్లజాతి పిల్లాడు టమీర్ రైస్‌ను పోలీసు కాల్చి చంపాడు. ఆ పిల్లాడు పడిపోయిన చోటున్న మండపం అది. క్లీవ్‌లాండ్‌లో దాన్ని కూల్చేయబోతుంటే, తల్లి సమారియా రైస్ కూల్చనివ్వలేదు. విప్పి చికాగో తెచ్చారు, 2019లో బ్యాంకు పక్కన మళ్ళీ కట్టారు. గేట్స్ దానికి తన చెయ్యి తగలనివ్వలేదు. రంగు లేదు, కొత్త ఆకారం లేదు. ఎక్కడ ఏమీ చేయకూడదో తెలియడం కూడా ఈ పనిలో భాగమే.

బ్రిటన్‌లో చేసినవి త్వరగా చెప్పేస్తాను. 2015లో బ్రిస్టల్ నగరంలో, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి కప్పులేకుండా పోయిన టెంపుల్ చర్చి లోపల, ఊళ్ళో దొరికిన పాత తలుపులు, ఇటుకలు, చెక్కతో చిన్న కట్టడం కట్టి, 552 గంటల పాటు ఆగకుండా పాట, మాట, శబ్దం నడిపించాడు. ఎవరు ఎప్పుడు పాడతారో ముందు చెప్పలేదు. అర్ధరాత్రి వెళితే ఏం వినబడుతుందో తెలియదు. అదే ఏడాది ఆర్టెస్ ముండి అనే బహుమతి, 40,000 పౌండ్లు, వస్తే పోటీలో ఉన్న మిగతా కళాకారులతో పంచుకున్నాడు.

ఇంతసేపు పొగుడుతున్నానని మీలో కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. అందుకే ఇంకొక మనిషిని తీసుకొచ్చాను. ఈ స్లయిడ్ డెట్రాయిట్. కార్ల నగరం. 1950లో జనాభా 18 లక్షల పైన, 2010కి 7 లక్షలు. సగానికి పైగా ఖాళీ అయిపోయిన ఊరు ఊహించుకోండి. హైడెల్బర్గ్ వీధిలో టైరీ గైటన్ 1986లో తాత శామ్ మ్యాకీతో కలిసి ఖాళీ స్థలాలు ఊడ్చి, దొరికిన చెత్తతో పని మొదలుపెట్టాడు. బొమ్మలు, బూట్లు, గడియారాలు, కారు బానెట్లు, టీవీలు. ఇళ్ళ మీద రంగురంగుల పెద్ద చుక్కలు. వీధి మొత్తం ఒక ఇన్‌స్టలేషన్ అయింది, ప్రపంచం నలుమూలల నుంచి చూడటానికి జనం వచ్చారు. ఆ ఇళ్ళు ఏళ్ళ తరబడి పాడుబడి ఉంటే పట్టించుకోని సిటీ, వాటి మీద చుక్కలు పడ్డాక బుల్డోజర్ పంపింది. 1991లో ఒకసారి, 1999లో ఇంకోసారి. 2013, 14లో ఎవరో వరసగా ఇళ్ళకు నిప్పు పెట్టారు. 2016లో గైటన్ తనే దాన్ని క్రమంగా విప్పేస్తానని ప్రకటించాడు. ముప్పై ఏళ్ళ పని.

గైటన్ గొప్పవాడా, గేట్స్ గొప్పవాడా అని నన్ను అడగొద్దు. నా కంటికి గైటన్ వీధిలో పిచ్చి ఎక్కువ, ప్రాణం ఎక్కువ. పక్కింటివాళ్ళకు అదే తలనొప్పి. బస్సుల్లో వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ళ మధ్య బతకడం ఎవరికి ఇష్టం? వాళ్ళ మాటా వినాలి. కానీ అసలు తేడా ఇది. గైటన్ అలంకరించిన ఇళ్ళు చాలావరకు అతనివి కావు, కాబట్టి సిటీ రెండుసార్లు కూల్చగలిగింది. గేట్స్ నగర ప్రణాళిక చదివినవాడు, ముందు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు, ఆ తర్వాతే సుత్తి పట్టుకున్నాడు. 'రీబిల్డ్ ఫౌండేషన్' అని సంస్థ పెట్టాడు. తాతముత్తాతల తరంలో కాగితాలు అమ్మినవాడి పేరున ఉండిపోయిన ఊళ్ళో ఒక నల్లవాడు కాగితాలు తన పేరున రాయించుకోవడం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒకరు చీటీ పంపారు. 'కళాకారుడు వచ్చాక అద్దెలు పెరిగి పేదలు పోవాల్సి వస్తుంది కదా' అని. అవును, వస్తుంది. న్యూయార్క్‌లో సోహో అనే పేట అలాగే అయింది. ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. ఆర్ట్స్ బ్యాంక్ ఉన్న స్టోనీ ఐలాండ్ రోడ్డు మీదే, నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఒబామా ప్రెసిడెన్షియల్ సెంటర్ పని 2021లో మొదలైంది. భూమి ధరల మీద దాని ప్రభావం ముందు గేట్స్ ఎంత? గేట్స్ వైపు నుంచి జవాబు ఒకటి ఉంది. మూతపడ్డ ప్రభుత్వ గృహ సముదాయం ఒకదాన్ని బాగుచేయించి, 2014లో 32 ఇళ్ళు తెరిపించాడు. ప్రభుత్వ సాయంతో ఉండేవాళ్ళు, తక్కువ అద్దెవాళ్ళు, మార్కెట్ అద్దెవాళ్ళు, కళాకారులు, అందరూ కలిసి ఉంటారు. మధ్యలో డాన్స్ నేర్పే హాలు ఉంది.

32 ఇళ్ళు మంచిదే. పేట మొత్తానికి 32 ఇళ్ళు సరిపోతాయా అంటే సరిపోవు. అద్దెలు ఆపడం సిటీ పని, చట్టం పని. దాన్ని కళాకారుడి నెత్తిన పెట్టి, అతను ఆపలేకపోయాడని తిట్టడం నాకు న్యాయంగా తోచదు. నాకున్న ఇబ్బంది వేరు. ఈ లెక్కంతా బాసెల్‌లో కొనేవాడు కొన్నంతకాలమే నడుస్తుంది. వాడి మోజు రేపు ఇంకో కళాకారుడి మీదికి పోతే, బ్యాంకు కప్పు మళ్ళీ కారితే, రెండోసారి అమ్మడానికి టాయిలెట్‌లో రాయి మిగిలి ఉండదు. ఈ ప్రశ్నకు గేట్స్ పనిలో జవాబు నాకింకా దొరకలేదు.

చివరి వరుసలో చెయ్యి ఎత్తారు. మైకు వాళ్ళకివ్వండి.